నీలగిరి నుండి మందమర్రికి

మొదటి లేఖ
ఉదకమండలము, సాయంకాలము

అన్నగారూ,

మందమర్రిలో ఎండకు ఇనుప మంచము ముట్టరాని ఈ మే మాసమున, మీ మరదలు స్వెట్టరుపై రగ్గు కప్పుకొని, ఇంకొక రగ్గు అడుగుమని నన్ను సాధించుచున్నదని వ్రాసినచో మీరు నమ్మకపోవచ్చును. వదినగారు మాత్రము నమ్మి నవ్వుదురు.

మెట్టుపాళయమున ప్రొద్దున్నే చిన్నరైలెక్కితిమి. దారి 46 కిలోమీటర్లే, కాని పన్నెండడుగులకొక అడుగు చొప్పున పైకెక్కు చోట్లు కలవు. చక్రములు జారకుండ పట్టాల నడుమ పండ్లుగల ఇనుపకమ్మి పరచినారు; ఇంజను అడుగునున్న పండ్లచక్రము దానిని కరచుకొనుచు, పెట్టెలను వెనుకనుండి నెట్టుకొనిపోవును. ఈ దారి కూనూరు వరకు 1899లోను, ఊటీ వరకు 1908లోను వేసినారట. లోయలు చూడుమని పిల్లలు కేకలు వేయుచున్నను నా చూపు ప్రతి పెట్టె ముందర జెండాతో, చేతిబ్రేకుతో నిలుచున్న మనిషిపైననే నిలిచినది. మన బొగ్గుబాయిలో హాలేజీ తాడు తెగినప్పుడు టబ్బులెట్లు పరుగెత్తునో ఎరిగినవానికి, ఆ మనిషి చేయి కనబడుచుండగా లోయ యెట్లు కనబడును?

హిల్‌గ్రోవులో ఇంజను నీటికై ఆగినప్పుడు, "బొగ్గు సింగరేణిదేనా?" అని అభిమానముతో అడిగితిని. ఇంజనుమనిషి అరవమున ఏమో చెప్పి, చమురు గొట్టము చూపెను. ఈ ఇంజనులో చమురు కాల్చియే ఆవిరి పుట్టింతురట! మీ మరదలి నవ్వు ఆ పెట్టెలో నందరును వినిరి. కూనూరు దాటినపిదప ఆ ఆవిరియు లేదు, డీజిలే.

రెండవ లేఖ
అచ్చటనే, వానరాత్రి

నిన్నటినుండి ఒకటే వాన. చిన్నదానికి జ్వరము వచ్చి తగ్గినది. ఇప్పుడు వర్కీ బిస్కట్లు టీలో ముంచి తినుచున్నది గనుక అమ్మకు చెప్పవలదు. పెద్దవాడు పూటపూటకు ఇడ్లీ తిని విసిగి, "పెద్దమ్మ పచ్చిపులుసు కావలె" నని ఏడ్చినాడు. నాకును ఏడ్పు వచ్చెడిదే, వయసు అడ్డువచ్చినది.

2637 మీటర్ల దొడ్డబెట్ట శిఖరముపై పొగమంచు తప్ప మరేమియు చూడలేదు. తిరిగివచ్చినపిదప టాక్సీ అతడు, మంచు తొలగునేమోనని మేము వేచిన కాలమునకు వేరే కిరాయి కావలెననెను. నేను తెలుగున, అతడు అరవమున, ఇరువురము వ్రేళ్లతో లెక్కలు చెప్పుకొనుచుండగా, మీ మరదలు బండి దిగనని భీష్మించి కూర్చున్నది. తుదకు అతడే నవ్వి, అడిగినదానిలో సగము పుచ్చుకొనెను.

సరస్సు మాట వ్రాయకున్న మీరు కోపింతురు. పిల్లలు తొక్కుడుపడవ నెక్కిరి. నేను గట్టుననే కూర్చుంటిని. ఇది కొండలలో తనంత పుట్టిన సరస్సు కాదు. రెండువందల ఏండ్ల క్రిందట కోయంబత్తూరు కలెక్టరు సలివన్ వాగులకు కట్ట వేయించి నిలిపిన నీరు. అందరి నోటను ఆ దొర పేరే; తట్టలు మోసినవారి పేరడుగ చెప్పువారు లేరు. బాయిలు తెరచిన దొరల పేర్లు నిలిచి, లోపలికి దిగినవారి పేర్లు మస్టరు పుస్తకములలోనే మిగిలిన మన ఊరివానికి ఇది వింత గాదు. అయినను పడవల నవ్వుల నడుమ అదియే తలపునకు వచ్చుచుండెను.

అమ్మ మోకాళ్లకు నీలగిరి తైలము కొన్నాము. మేము తిరిగివచ్చునాడు మాకొఱకు స్టేషనుకు వచ్చి మస్టరు పోగొట్టుకొనవలదు. ఆటో బేరము నేనే ఆడెదను. కాదు, మీ మరదలే ఆడును.

మీ తమ్ముడు