పాత బోటు కొనేముందు

బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి కనుక తరుగుదల లెక్క నాకు కంఠోపాఠం. ఏటా 20 శాతం చొప్పున తగ్గిస్తూ పోతే లక్ష రూపాయల ఆస్తి అయిదేళ్ళకు 32,768 రూపాయలకు దిగుతుంది. పాత బోటు విషయంలో మాత్రం ఈ లెక్కను నమ్మలేం. ఒకే ఏడాది కొన్న రెండు బోట్లలో ఒకటి పదేళ్ళు వేటకు పోతుంది, ఇంకొకటి మూడో ఏటికే మూలనపడుతుంది. ఉప్పునీళ్ళూ, యజమాని శ్రద్ధా ఏ లెడ్జరులోనూ కనబడవు కదా!

మా యానాంలో మా వీధి కుర్రాడొకడు వేటనిషేధానికి ముందు ఓ ఫైబర్ బోటు బేరం చూసుకున్నాడు. ఇంజనుతో సహా లక్షా ఎనభై వేలు. వాళ్ళమ్మ నాలుగు గాజులూ తాకట్టు పెట్టాలి. "ఒక్కసారి మీరొచ్చి చూడండి మావయ్యగారూ" అన్నాడు. బోటు గురించి నాకేం తెలుసు? అందుకే ఒక ముసలి మేస్త్రీని వెంటబెట్టుకు వెళ్ళాను.

నీళ్ళమీద తేలుతున్న బోటును చూడనన్నాడాయన. ఒడ్డుకు లాగించాడు. కొత్త రంగు నిగనిగలాడుతోంది. ఆయన రంగు వంక చూడనైనా లేదు, చిన్న కొయ్యసుత్తితో అడుగంతా తట్టుకుంటూ పోయాడు. గట్టి చోట ఖణేల్‌మంది. ఇంజను బిగించే వెనక పలక దగ్గర బొద్దుగా పలికింది. ఇంజనును కింద పట్టుకుని ఊపితే పలక కూడా కదిలింది. ఫైబర్ పొరల మధ్య చెక్క ఉంటుందట. బోల్టుల కంతల్లోంచి నీరు దిగితే పైకి తెలియకుండా లోపల్లోపలే కుళ్ళిపోతుందట.

తర్వాత ఇంజను మీద చెయ్యి వేశాడు. చల్లగానే ఉంది, మంచిదే. మనం వెళ్ళేసరికి వేడిగా ఉంటే, చల్లటి ఇంజను తొందరగా అందుకోదేమోనని అనుమానించాలి. నీళ్ళలో మునిగే గేరుపెట్టె మర విప్పితే పాలు కలిపిన కాఫీలాంటి ఆయిలు కారింది. సీలు పోయి నీళ్ళు చేరాయన్నమాట. ఆ తర్వాత నలుగురం ఎక్కి గోదావరిలో పూర్తి వేగంతో తిప్పించాం. చల్లబరిచిన నీళ్ళు ఇంజను వెనకనుంచి సన్నటి ధారగా బాగానే చిమ్మాయి. ఒడ్డున ఖాళీగా మోగే ఇంజనును నమ్మి మొగ దాటకూడదన్నది మేస్త్రీ మాట.

కాగితాల పని నాది. రిజిస్ట్రేషన్ నంబరు బోటు మీద ఉన్నదీ పుస్తకంలో ఉన్నదీ ఒకటేనా, ఇంజను నంబరు బిల్లుతో సరిపోతోందా, పాత అప్పుకు హైపోతికేషన్ తీసేశారా అని చూశాను. అప్పు తీరినట్టు ఉత్తరం అమ్మేవాడి దగ్గర లేదు. అది చేతికొచ్చేదాకా బయానా ఇవ్వవద్దన్నాను.

పలకకీ సీళ్ళకీ ముప్పై అయిదు వేలవుతుందన్నాడు మేస్త్రీ. బోటు మరమ్మతులో ఉన్నన్నాళ్ళూ వేట ఉండదు కనుక ఆ నష్టం కూడా బేరంలో తగ్గించుకోవాలి. అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఎలాగూ నిషేధమే. ఆ రెండు నెలలు అమ్మేవాడికి డబ్బు అవసరం, కొనేవాడికి మరమ్మతుకు వ్యవధి. చివరికి లక్షా ముప్పై వేలకు కుదిరింది. ఆ ఉత్తరం వారం తర్వాత వచ్చింది. తాకట్టుకు మూడు గాజులు సరిపోయాయి.