అమ్మడు, ఆ ఇంటివాళ్లు

తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే గదికి సాధారణంగా తల్లి ఒక్కతే తోడు వస్తుంది. తండ్రి పని మానుకోలేడు. బంధువులు మొదట్లో పరామర్శకు వచ్చి, ఏడాది తిరిగేసరికి కనిపించరు. కోనసీమ నుంచి వచ్చే ఓ అమ్మాయి విషయంలో మాత్రం అలా జరగలేదు. ఇంట్లో అందరికీ ఆమె అమ్మడు, ఆస్పత్రిలో మాకూ అమ్మడే. ఇరవై నాలుగో ఏట పోయింది.

అమ్మానాన్నలది మేనరికం. అందుకే ఇలాంటి పిల్ల పుట్టిందని ఊళ్లో అన్నారట. బయటి సంబంధమైనా భార్యాభర్తలిద్దరూ ఈ జన్యులోపాన్ని మోసే వాహకులైతే ప్రతి కాన్పులోనూ నూటికి 25 పాళ్లు ముప్పు ఉంటుంది. దగ్గరి సంబంధంలో ఇద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ, అంతే. కోడలి మీదికి మాట రాకుండా అడ్డుపడింది నాయనమ్మ. "సగం నా కొడుకు నుంచి వచ్చింది, సగం నా తమ్ముడి కూతురి నుంచి వచ్చింది. రెండూ మా పుట్టింటి నుంచి వచ్చినవేగా! అనేదేదో నన్నే అనండి" అందిట. వంశపారంపర్యం గురించి ఇంతకన్నా సూటిగా నేనూ చెప్పలేను.

మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అసలు బాధ ఆ తర్వాత మొదలవుతుంది. ఒక్కో ప్యాకెట్‌తో దాదాపు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. కాలేయంలో, గ్రంథుల్లో, చివరికి గుండెలో పేరుకుంటుంది. దాన్ని తీయడానికి అమ్మడి చిన్నతనంలో వాడిన మందు డెస్‌ఫెరాల్. పొట్ట మీది చర్మం కింద సన్నని సూది గుచ్చి, చిన్న పంపుతో ఎనిమిది నుంచి పది గంటలపాటు, వారానికి కనీసం ఐదు రాత్రులు ఎక్కించాలి. వాళ్లింట్లో దానికి వంతులుండేవి. మందు కలిపేది తల్లి. సూది గుచ్చేది పిన్ని, ఎందుకంటే తల్లికి చెయ్యి వణికేది. పంపు బ్యాటరీలు బాబాయ్ పూచీ. తెల్లారుజామున లేచి సూది తీసి, ఎర్రగా గట్టిపడిన చోట గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టేది నాయనమ్మ. మాత్రలు మొదలుపెట్టాక పంపు అటకెక్కింది గానీ, మాత్ర వేసుకుందో లేదో చూడ్డానికి ఆ నలుగురూ అలాగే ఉన్నారు.

మూలుగ మార్పిడి చేద్దామంటే అన్నయ్యది ఆమెకు సరిపడలేదు. మేనమామలూ బాబాయిలూ "మా రక్తం ఎక్కించండి" అని వచ్చారు. దగ్గరి బంధువుల రక్తం ఇలాంటి పిల్లలకు మంచిది కాదని చెప్పాను. "పోనీ, ఇంకెవరికైనా పనికొస్తుందిగా" అని బ్లడ్ బ్యాంకుకు నడిచారు. కాలేజీలకు సెలవులిచ్చి దాతలు దొరకని ఎండాకాలంలో, కొబ్బరికాయల వ్యాపారం చేసే ఆ బాబాయ్ తన దింపు కార్మికుల్ని కూడా వెంటబెట్టుకొచ్చేవాడు.

అమ్మడు బీకాం చదివింది. బాబాయ్ వ్యాపారం లెక్కలు తనే చూసేది. అలాగే తనకు ఎక్కించే రక్తానికీ అట్ట వేసిన పొడుగు నోటుబుక్కులో తేదీ, బరువు, హిమోగ్లోబిన్, ఎన్ని ప్యాకెట్లు అని గళ్లు గీసుకుంది. చివరి గడిలో ప్రతిసారీ ఒకటే మాట: "ఎవరిచ్చారో, చల్లగా ఉండాలి." తలసీమియాను 2016 చట్టంలో వైకల్యాల జాబితాలో చేర్చాక, గదిలో పిల్లలందరి సదరం దరఖాస్తులూ తనే నింపిపెట్టింది. సూదికి ఏడ్చే పిల్లల పక్కన కూర్చుని, తన చేతిలో ఏ నరం మంచిదో, ఏది మొండిదో పేర్లు పెట్టి పరిచయం చేసేది.

గుండెలో ఎంత ఇనుము చేరిందో రక్తపరీక్షలో ఫెరిటిన్ అంకెను బట్టి సరిగ్గా తెలియదు. అంకె ఓ మోస్తరుగానే ఉండగా అమ్మడి గుండె లయ తప్పింది. నరంలోకి ఆగకుండా ఇనుము తీసే మందు ఎక్కించాం. కొన్నాళ్లు తేరుకుని, మళ్లీ దిగజారింది. ఈ జబ్బులో ఎక్కువమందిని తీసుకుపోయేది గుండే. అది తెలిసి ఉండడం నాకు ఏమాత్రం ఊరట కాలేదు. ఆమె అంటే నాకు చాలా ఇష్టం.

తర్వాత బాబాయ్ కూతురికి సంబంధం కుదిరింది. ఆ పిల్ల ఆరోగ్యంగా ఉంది గానీ వాహకురాలు. అబ్బాయివాళ్లకు చెప్పొద్దని, చెబితే సంబంధం తప్పిపోతుందని పెద్దలు కొందరు నచ్చజెప్పారు. ఇలా దాచిన ఇళ్ల నుంచే నా గదికి కొత్త పసిపిల్లలు వస్తుంటారు. బాబాయ్ ఒప్పుకోలేదు. "అమ్మడు మా ఇంట పుట్టలేదని చెప్పి పెళ్లి చెయ్యమంటారా?" అన్నాడు. అబ్బాయి హెచ్‌బీ ఏ2 పరీక్ష చేయించుకున్నాడు. అతనిలో లోపం లేదు. అంటే పుట్టే పిల్లలు మహా అయితే వాహకులవుతారు, ఈ జబ్బు రాదు. పెళ్లి ఖాయమైంది. శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన బాబాయ్ వెనకాల, ఇంకా పెళ్లీడుకు రాని ఆ ఇంటి పిల్లలంతా వరసగా నిలబడ్డారు. "వీళ్లకీ రాసెయ్యండి డాక్టరుగారూ, ఆ పరీక్ష" అన్నాడు.