ఎల్లారెడ్డి ప్రయాణము - దుప్పివేపుడు

తీర్థయాత్రలను గూర్చియు, విహారయాత్రలను గూర్చియు మీరు పెక్కు వ్యాసములు చదివియుందురు. నేను చెప్పబోవునది ఒక వేపుడు నిమిత్తము చేసిన ప్రయాణము. మాంసము ముట్టని సోదరీమణులు వంటభాగమును విడిచి అడవిభాగమును చదువుకొనవచ్చును.

మా అమ్మాయి అమెరికాదేశమున టెక్సాసు రాష్ట్రములో కాపురమున్నది. పొరుగింటివారు వేటకు పోయివచ్చి, రెండు కిలోల దుప్పిమాంసమును మంచుగడ్డవలె బిగియించి దానికి కానుకగా నిచ్చిరట. "అమ్మా! ఎల్లారెడ్డి అమ్మమ్మ దుప్పివేపుడు చేసేదని నువ్వు చెప్పేదానివి గదా, ఎట్లా చేయాలి?" అని ఫోనులో అడిగినది. నేను ఏమి చెప్పుదును? ఆ వేపుడును నేను కథలలో విన్నదే గాని కంట చూచినదానను గాను.

ఇచ్చట ఒక వింత చెప్పవలెను. అమ్మాయికి వచ్చిన ఆ దుప్పి మన చుక్కలదుప్పియే. 1932 ప్రాంతమున ఈ జాతిని టెక్సాసునకు కొనిపోయి పెంచిరి. అవి కంచెలు దాటి, ఆ బీళ్లలో వేలకువేలై, అచ్చటి మృగముల మేతకు పోటీయైనవి. పరదేశపు జంతువగుటచే, వేట అనుమతిపత్రము గలవారు దానిని ఏడాది పొడుగునను వేటాడవచ్చును. పుట్టినయింట కాపాడవలసి వచ్చిన ప్రాణి మెట్టినయింట మితిమీరినది!

నా మేనత్తగారికి ఎనుబదినాలుగేండ్లు. చెవి మందగించినది, ఫోనులో అడిగిన ఒకటి చెప్పిన మఱియొకటి వినిపించును. కావున నేనే బయలుదేరితిని.

సికింద్రాబాదులో ఉదయము రైలెక్కి కామారెడ్డిలో దిగితిని. 2016 అక్టోబరు 11వ తేదీ వఱకు ఈ యూరు నిజామాబాదు జిల్లాలోనిది. ఆనాటినుండి తానే జిల్లాకేంద్రము. కామారెడ్డి బెల్లమునకు పేరు. స్టేషను వెలుపల ఒక అంగడిలో రెండు కిలోల బెల్లము కొని, ఎల్లారెడ్డి బస్సెక్కితిని. దారి సుమారు నలుబది కిలోమీటర్లు. లింగంపేటలో నాగన్నబావి యను పురాతనమైన మెట్లబావి యున్నదని పక్కసీటులోని యామె చెప్పెను గాని బస్సు మనకొఱకు ఆగదు గదా! మోదుగులు పూచిన కాలము. ఆకులు రాలిన కొమ్మలమీద ఆ పూలు నిప్పుకణికలవలె నుండెను.

మధ్యాహ్నము భోజనమైన పిమ్మట మేనత్తగారి మనుమడు నన్ను పోచారమునకు తీసికొనిపోయెను. మంజీరలో కలియు వాగునకు అడ్డముగా 1916-22 సంవత్సరముల నడుమ కట్టిన చెఱువది. దానిచుట్టును ఉన్న అడవి నిజాముప్రభువులకు వేటస్థలము. 1952లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము సుమారు 130 చదరపు కిలోమీటర్లు. ఇప్పుడచ్చట జింకలను పెంచు కేంద్రము కూడ కలదు. ప్రొద్దువాలు వేళ కట్టకు దూరముగా, కంచెలోపల, దుప్పులు కనబడెను. పదునేడు లెక్కించితిని, పిదప అవి కదలుటచే లెక్క తప్పినది. ఒక పిల్ల తల్లి పొదుగును కుమ్ముచుండెను. ఆ అడవిలోనే కణుజులు, మనుబోతులు, కొండగొఱ్ఱెలు, చిఱుతలు నున్నవి గాని నాకు కనబడలేదు. వంటవిధానము తెలిసికొనవచ్చిన నేను ఆ కన్నుల యెదుట కొంచెము సిగ్గుపడితినని చెప్పకతప్పదు.

ఇంటికి చేరునప్పటికి దీపాలవేళ. వాకిట ఒక మనిషి సంచితో నిలుచుండెను. చుట్టము వచ్చినదని విని, "అడవి మాంసం" తెచ్చెనట. వెల చెప్పలేదు, మీ యిష్టమనెను.

సోదరీమణులారా! నా మనస్సు ఒక నిమిషము ఊగినమాట నిజము. ఇంతదూరము వచ్చితిని, అసలు మాంసముతోనే నేర్చుకొనవచ్చును గదా, ఒక్కసారికి ఎవరికి తెలియును? అనిపించెను. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము నాకు తెలియనిది కాదు. చంపినవాడే కాదు, ఆ మాంసమును కొన్నవారును, కానుకగా పుచ్చుకొన్నవారును, ఇంట దాచినవారును నేరస్థులే. ఇంతకు సంచిలోనిది దుప్పియో, కుక్కయో, చచ్చిన మేకయో ఎవరు చెప్పగలరు? ఇవన్నియు పిదప తోచినవి. ఆ నిమిషమున తోచినది నాలుక మాత్రమే.

మేనత్తగారు గడపదాటి రాలేదు. "నా వాకిట్ల పెట్టకు, తీస్కపో" అనిరి. వాడేదో నసిగెను. "రేపు మా పిల్లగాండ్లు ఠాణా చుట్టూ తిరగాల్నా? పో" అని తలుపు వేసిరి.

మఱునాడు కొడుకుచేత మేకతొడ మాంసము తెప్పించి, "దుప్పి ఎట్ల చేసేదో దీంతోనే చూపిస్త, కూసో బిడ్డా" అనిరి. మాంసము కోయుచు చెప్పిన మాట నేను మఱవలేను. పెండ్లియై వచ్చిన క్రొత్తలో ఆ యింట తుపాకి యుండెను. నెలకొక వేటైనను ఇంటికి వచ్చెడిది. ఒకనాడు తెచ్చిన దుప్పిని పెరటిలో కోయగా కడుపులో పిల్ల కనబడినదట. "నాకప్పుడు అయిదో నెల. కత్తి ఆడ్నే పారేసి లేచిన. మీ మామ మంచోడు, మళ్ల ఇంటికి తేలేదు." అప్పటికి ఆ చట్టము ఇంకను రాలేదు.

"మఱి అమ్మాయికి చెప్పమందువా, వలదందువా అత్తమ్మా?" అని అడిగితిని.

"అక్కడ పంటకు పురుగు తీరు పెరిగినయంటివి గద. చంపినంక పారేస్తే పాపం కాదా? చెప్పు. వండితే మంచిగ వండుమను" అనిరి.

ఆ విధానము ఇది. దుప్పిమాంసములో క్రొవ్వు లేదు. ఉన్న కొద్దియు కంపు. కావున తెల్లనిపొరను, నరములను, క్రొవ్వును గోటితో గిల్లినట్లు తీసివేయవలెను. ముక్కలు నారకు అడ్డముగా, వ్రేలిమందమున కోయవలెను. నిలువుగా కోసిన త్రాడు నమలినట్లుండును. కిలో మాంసమునకు గిన్నెడు పుల్లని పెరుగు, అరచెంచా పసుపు పట్టించి ఒక రాత్రి చల్లనిచోట నుంచవలెను. ఉప్పు అప్పుడు వేయరాదు. నీరంతయు విడిచి ముక్క బిగియునని మేనత్తగారి మాట. మఱునాడు అల్లము వెల్లుల్లి ముద్ద రెండు చెంచాలు కలిపి, మూతపెట్టి, సన్నని సెగమీద దాని నీటిలోనే ఉడికింపవలెను. మెత్తబడినపిదప ఉప్పు. నీరు ఇగిరిన తరువాత ఇనుపమూకుడులో నువ్వులనూనె నాలుగు చెంచాలు, నేయి రెండు చెంచాలు కాచి (మాంసమున లేని క్రొవ్వును మనమే పోయవలెను), ఉల్లిపాయ లెఱ్ఱగా వేగనిచ్చి, ముక్కలు వేసి, కారము, ధనియాలపొడి చల్లవలెను. ఎండుకొబ్బరి, గసగసాలు వేయించి నూరినపొడి, దాలుచినచెక్క, లవంగాలు చివర. ఆపిమ్మట అయిదు నిమిషములకు మించి పొయ్యిమీద నుంచరాదు. ఈ తుదిఘట్టమున ఆశపడి ఇంకను వేపినవారి వేపుడు కట్టెముక్కలగును.

మేకమాంసముతో అంతనానబెట్టుట, అంతనేయి అక్కఱలేదు. మేము పెరుగు రెండుగంటలే పట్టించి, నేయి మానితిమి. జొన్నరొట్టెలతో తింటిమి. చాల బాగుండెను.

నేను ఇంటికి వచ్చి, అమ్మాయికి ఇదియంతయు చెప్పి, నావిగా రెండు మాటలు చేర్చితిని. తుపాకిగుండు తగిలినచోటి మాంసమును చుట్టుపట్ల వెడల్పుగా కోసి పారవేయవలెను. సీసపు పొడి అందులో నుండును, పిల్లలకు, గర్భిణులకు అది చెఱుపు. లోపల ఎఱుపు మిగులనీయక, ముక్క నడుమ 71 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగులునట్లు ఉడికింపవలెను. అడవిమాంసమునకు అచ్చటివారు చెప్పు కొలత ఇదియే.

అమ్మాయి ఆదివారమునాడు వండినది. పిల్లలు తినిరట, అల్లుడు రెండవమారు పెట్టించుకొనెనట. కొన్ని ముక్కలు మాత్రము గట్టిగా నుండెనట. ఈ సంగతి మేనత్తగారికి చెప్పుటకు మనుమనిచేత ఫోను చెవికి ఆనించి పట్టించి, నేను గట్టిగా అఱచి చెప్పితిని. ఈమాఱు స్పష్టముగా విని, "ఉప్పు ముందే వేసిందేమో అడుగు" అనిరి.

అడిగితిని. ముందే వేసినదట.