సూదిమందు వేయని డాక్టరు

అమెరికాలో స్థిరపడిన మా పెదనాన్నగారబ్బాయి కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు అక్కడి ‘అర్జెంట్ కేర్’ వైద్యశాలల గురించి చెప్పాడు. జ్వరమొచ్చినా, కాలు బెణికినా, కత్తి తెగినా ముందుగా కబురు చెయ్యకుండా వెళ్ళిపోవచ్చునట. పెద్దాసుపత్రిలో గంటల తరబడి పడిగాపులు పడనక్కరలేదు. గుండెపోటు వంటిదైతే మాత్రం తమ దగ్గర వుంచుకోకుండా వెంటనే అంబులెన్సు పిలుస్తారట. అన్నయ్య అలా వర్ణిస్తూంటే మా నానమ్మ తాపీగా అంది: “ఓస్, అదేటి గొప్ప? మన ఆరెంపీ సేసీది అదే కదేటి!”

అందరం నవ్వాం గాని, తరవాత ఆలోచిస్తే ఆ మాట అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదనిపించింది.

మాది ఉద్దానంలో కవిటి దగ్గర చిన్న పల్లె. ఇచ్ఛాపురం నుంచి విశాఖ కె.జి.హెచ్.కి సుమారు రెండువందల యాభై కిలోమీటర్లు. అందుకే మావాళ్ళు చాలామంది సరిహద్దు దాటి బరంపురం ఆసుపత్రికి పోతారు. శ్రీకాకుళంలో రిమ్స్ 2008లో వచ్చింది. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో తెరిచారు. అదే ఏడాది డిసెంబరు 14న పలాసలో రెండువందల పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. 108 బండి 2005 నుంచి వుండనే వుంది. ఇవన్నీ మంచివే, కాదనను. కాని రాత్రి పదింటికి పిల్లకి జ్వరం కాస్తే మా వూళ్ళో తలుపు తీసేది ఆర్.ఎం.పి. ఒక్కడే. పైగా అరువు పెడతాడు. చట్టం ప్రకారం ఆయన ఇంగ్లీషు వైద్యం చెయ్యకూడదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.

ఆయన వ్యాపారమంతా సూది మీదే నడిచేది. కొబ్బరిచెట్లెక్కి దిగేవాళ్ళు, జీడితోటల్లో నడుం వంచేవాళ్ళు సాయంత్రానికి ఆయన అరుగు మీద చేరేవారు. నొప్పికి ఒక సూది పడితే మర్నాడు కూలికి పోవచ్చు. మాత్రలిస్తే “అయ్యేటి మందులు?” అని చప్పరించేసేవారు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మిత్రులకి కొత్తగా చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు చూసినా అదే. చదువురాని ముసలమ్మలు కూడా ‘క్రియాటినిన్’ అనే మాటని ఉప్పు, చింతపండు అన్నంత తేలిగ్గా పలుకుతారు. దీనికి మూలకారణం ఇదీ అని పరిశోధకులు ఇంతవరకూ ఒక్కమాట మీదకి రాలేదు. అయితే ఒకటి మాత్రం స్థిరం. అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాల మీద నొప్పి మందులు పడితే అవి ఇంకా చెడతాయి.

రెండేళ్ళ కిందట మా తాత మోకాలు పట్టుకుని ఆయన దగ్గరకి వెళ్ళాడు. తోడు నేనున్నాను.

“సూదెయ్యను మావా. ముందు రగతం పరీచ్చ సేయించుకో.”

“డబ్బులిచ్చీది నాను. ఎయ్యమంటే ఎయ్యాల!”

ఆయన వెయ్యలేదు. తాత తిట్టుకుంటూ ఇంటికొచ్చి రెండురోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి నా పోరు పడలేక పరీక్షకి ఒప్పుకున్నాడు. క్రియాటినిన్ రెండు దాటింది.

తరవాత ఒక సాయంత్రం ఆయన్ని అడిగాను, ఈ పట్టు ఎప్పటినుంచి అని. చేతిలో బి.పి. చూసే గొట్టం తిప్పుతూ కొంతసేపు మాట్లాడలేదు.

“నా సేత్తో సూదులేసినోల్లు నలుగురు డయాలసిస్‌కి ఎల్తన్నారు బావూ. నా సూది వల్లో, నీటి వల్లో, నాకు తెల్దు. అందుకే ఒగ్గేసినాను.”

అన్నయ్య చెప్పిన వైద్యశాలల్లో నాకు నచ్చిన గుణం ఇదే, తమవల్ల కానిది తెలిసి వుండడం. మన జిల్లాల్లో దీనికి ప్రాణమంత విలువ వుంది. కట్లపాము కాటు చాలాసార్లు కంటికే ఆనదు. నొప్పి తక్కువగా వుందని పడుకున్న మనిషి తెల్లారేసరికి వూపిరందక పోతాడు. అక్కడ కట్లు కట్టి, కోసి, మంత్రం వేసే చెయ్యి కంటే వెంటనే 108కి ఫోను చేసే చెయ్యి మేలు. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా కొండల్లో అయితే ఆ బండి వచ్చే రోడ్డు దాకా డోలీ మొయ్యాలి. ఇక 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అటువంటప్పుడు మొదటి గంటల్లో కావలసినది ఓ.ఆర్.ఎస్. పొట్లం. అదీ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు. సెలైను ఎక్కితేనే వైద్యం అనుకునే జనానికి ఈ నీళ్ళు వైద్యంలా కనపడవు.

ఆర్.ఎం.పి.లకి శిక్షణ ఇచ్చి, ఏవి ముట్టుకోకూడదో గట్టిగా చెప్పి వాడుకోవాలని నా అభిప్రాయం. వైద్య విద్యార్థి మిత్రులకి కోపం రావచ్చు. రాత్రిపూట మా పల్లెల్లో నర్సునయినా నిలబెట్టగలిగిన నాడు నేనే ఈ మాట వెనక్కి తీసుకుంటాను.

తాత ఇప్పుడు నెలకోసారి పలాస వెళ్తున్నాడు. ఆసుపత్రి కంటే ఆ రోజు తోటపని పోవడమే ఆయన బాధ. ఆర్.ఎం.పి. అరుగు మీద జనం సగానికి పడిపోయారు. పక్క వీధిలో ఇంకొకాయన కొత్తగా బోర్డు కట్టాడు. సూది అడిగిన వెంటనే వేస్తాడట.