బండి కాడనే ఉండుమను

మొన్న జగిత్యాల క్లినిక్‌లో బీపీ చూపించుకుంటూ కోరుట్ల తల్లి ఒకామె అడిగింది. "మా పిలగాడు మెల్‌బోర్న్‌ల ఉంటడు సారూ. క్రిస్మస్ సెలవులల్ల దోస్తులతోని కారేసుకొని సింప్సన్ ఎడారికి పోతడట. ఏం గోలీలు పంపాలె?"

నేను నోరు తెరిచేలోపే, కిడ్నీలో రాళ్లతో వచ్చిన సిరిసిల్ల పెద్దమనిషి అందుకున్నాడు. సౌదీలో ఇరవై ఏండ్లు లారీ నడిపాడాయన. "గోలీలు తర్వాత చెల్లె. బండి ఆగిపోతే బండి కాడనే ఉండుమను. నడిస్తె పోతడు."

అక్షరాలా నిజం. మండే ఎండలో నడిచే మనిషికి గంటకు లీటరుకు పైగా చెమట పోవచ్చు. అన్ని నీళ్లు మోస్తూ ఎంత దూరం నడుస్తాడు? వడదెబ్బలో ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే మతి తప్పుతుంది. రోడ్డు ఎటుందో తెలియదు, చేతిలో సీసా ఉన్నా తాగాలని తోచదు. అందుకే ఏం చేయాలో ఇల్లు కదలకముందే అనుకోవాలి.

కానీ బండి దగ్గర ఉండటమొక్కటే చాలదు. 2024 ఆగస్టులో సౌదీలోని రబ్ అల్ ఖాలీ ఎడారిలో మన కరీంనగర్ యువకుడు, తోటి సూడాన్ మనిషి దారి తప్పారు. జీపీఎస్ పనిచేయలేదు, పెట్రోలు అయిపోయింది, ఫోను చార్జింగ్ అయిపోయింది. రోజుల తర్వాత ఇద్దరి శవాలూ బండి పక్కనే దొరికాయి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. వెతికేవాళ్లు వచ్చేదాకా నిలవాలంటే నీళ్లు ఉండాలి, వాళ్లు వెంటనే బయల్దేరాలంటే కబురు అందాలి.

ఆ తల్లికి చీటీ మీద ఇవే రాశాను. మనిషికి రోజుకు 10 లీటర్ల నీళ్లు, అనుకున్నదానికంటే నాలుగు రోజులకు ఎక్కువ. ఓఆర్ఎస్ పొట్లాలు. శాటిలైట్ ఫోను. పోయే దారి, తిరిగొచ్చే తేదీ ఒకరి దగ్గర రాసి పెట్టాలి, ఆ తేదీ దాటితే వాళ్లు పోలీసులకు చెప్పాలి. జట్టులో షుగరున్నవాళ్లుంటే ఇన్సులిన్ వేడికి చెడిపోకుండా చూసుకోవాలి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ గోలీ వాడేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి.

ఒకటి మాత్రం ఆమె ముందే ఫోనులో కొడుక్కి చెప్పాను. మన చలికాలం అక్కడ ఎండాకాలం. డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా సింప్సన్ ఎడారి పార్కులు మూసే ఉంటాయి. ప్రయాణం జూన్‌కు మార్చుకుంటానన్నాడు.

మీ పిల్లలూ ఎడారికి పోతుంటే, తిరిగొచ్చే తేదీ అడిగి గోడ మీది క్యాలెండర్‌లో రాసుకోండి.