వెనుకకు పారు ఏరు

చికాగో పట్టణము చూచి వచ్చినవారు మొదట మేడలను గూర్చి చెప్పుదురు. నేనును చూచితిని, మెడ నొచ్చినది. అయితే నా మనస్సు ఆ మేడల నడుమ పారు పచ్చని యేటియొద్దనే నిలిచిపోయినది.

ఆ యేరు ఒకప్పుడు మిచిగన్ సరస్సులో పడుచుండెడిది. ఊరి మురికియంతయు దానితో పోయి, ఆ జనులు త్రాగు నీటిలోనే కలియుచుండెను. కాబట్టి వారు 28 మైళ్ల కాలువ త్రవ్వి, 1900 జనవరిలో ఏటిని వెనుకకు త్రిప్పిరి. సరస్సునుండి ఏటిలోనికి వచ్చునప్పుడు లాకులో మా పడవ కొంచెము క్రిందికి దిగినది. గోదావరి కాలువల లాకులు ఎరిగిన నాకు అది ముచ్చటగా నుండెను.

పడవలో వివరములు చెప్పు యువతి ఇదంతయు గర్వముతో చెప్పెను. మరి ఆ మురికి ఎక్కడికి పోయెనమ్మా అని అడిగితిని. మిసిసిపీ నదిలోనికట! దిగువనున్న సెయింట్ లూయిస్ వారు త్రాగునది ఆ నది నీరే. వారి మిస్సౌరీ రాష్ట్రము ఆ సంవత్సరమే దావా వేసెను. ఋజువు చాలలేదని 1906లో సుప్రీంకోర్టు కొట్టివేసెను.

చికాగోవారిని నిందించుట సులభము. కాని టైఫాయిడు జ్వరమున బిడ్డలను పాతిపెట్టిన తలిదండ్రులుండిన ఊరది. ఆ దినములలో అక్కడ నుండినయెడల నేనును పార పట్టియుందును; దిగువ ఊరిని తలంచియుందునో లేదో.

మురికిని శుద్ధిచేసి విడుచు గొప్ప కర్మాగారములు తరువాతి దశాబ్దములలో కట్టిరి. మేడలకంటె వాటినే చూడగోరితిని. పడవ అటు పోదని ఆమె చెప్పెను.