పేరు పెట్టి పిలిస్తేనే పలికే ఫొటోలు

ఈ సంచిక పనులు మొదలవగానే సంపాదక బృందం నాకు అప్పగించిన మొదటి పని, పాత సంక్రాంతి ఫొటోలు నాలుగు వెతికిపెట్టడం. వినడానికి చిన్న పనే. మన బడి వెబ్‌సైటులోని ఫొటోల భాండాగారంలో "సంక్రాంతి" అని తెలుగులో కొడితే కొన్ని వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే మరికొన్ని. చివర "టీ" పక్కన "హెచ్" చేరిస్తే ఇంకొన్ని. "ముగ్గులు" అంటే ఒక గుంపు, "రంగవల్లి" అంటే మరో గుంపు, "పొంగల్" అంటే వేరొకటి. ఒకే రోజు ఒకే హాలులో తీసిన ఫొటోలు వేరు కాపురాలు పెట్టినట్టు తలోచోటా ఉన్నాయి. ఇక ఏ ట్యాగూ లేకుండా, కెమెరా ఇచ్చిన అంకెలే పేరుగా మిగిలిపోయినవి వీటన్నిటికంటే ఎక్కువ.

ట్యాగు అంటే మరేమీ కాదు, ఫొటోకు మనం కట్టే పేరుచీటీ. "ఈ రోజుల్లో ఫోన్లే ఫొటోలో ఏముందో గుర్తుపడుతున్నాయి కదా, ఈ శ్రమ దేనికి?" అని ఒక మిత్రుడు అడిగారు. నిజమే, పిల్లలు, పువ్వులు, పళ్ళెం అని అవి చెప్పగలవు. కానీ ఆ పిల్లవాడికి భోగిపళ్ళు పోస్తున్నది ఊరి నుంచి విజిట్ వీసా మీద వచ్చిన వాళ్ళ నాయనమ్మ అనీ, ఆవిడే ఆ రోజు పిల్లలందరికీ గొబ్బిపాటలు నేర్పారనీ ఏ యంత్రానికి తెలుస్తుంది? అది తెలిసినవాళ్ళే రాయాలి.

తెలుగులో రాసినంత మాత్రాన చిక్కులు తీరిపోవు. మనం ఉంటున్న దేశం పేరే చూడండి. బహ్రెయిన్, బహ్రైన్, బెహరైన్ అని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తాం. పండుగ అనేవారు కొందరు, పండగ అనేవారు కొందరు. మనిషి ఇవన్నీ ఒకటేనని ఇట్టే గ్రహిస్తాడు. మామూలు వెతుకులాట యంత్రం మాత్రం అక్షరం తేడా వస్తే మొహం తిప్పేసుకుంటుంది. కంటికి కనబడని తేడాలు కూడా ఉన్నాయి. "వెబ్‌సైటు" అన్న మాటలో "బ్" తరువాత కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. అది లేకపోతే "స" వచ్చి "బ" కింద వత్తుగా చేరి "వెబ్సైటు" అవుతుంది. ట్యాగులో ఆ గుర్తు ఉండి, వెతికేవారు అది లేకుండా కొడితే, చాలా చోట్ల ఫలితం సున్నా.

దీనికి మందు కొత్తదేమీ కాదు. మన నిఘంటువుల్లో ఒక మాట దగ్గర "చూ." అని వేసి ఇంకో మాట దగ్గరికి పంపడం మీరు గమనించే ఉంటారు. ఒక విషయానికి ఒక పేరు ఖాయం చేసుకుని, మిగతా పేర్లన్నిటినీ దాని దగ్గరికి మళ్ళించడమే ఆ కిటుకు. 2004లో మొదలైన వికీమీడియా కామన్స్ ఫొటోల భాండాగారం కూడా ఈ దారికే వచ్చింది. 2019 నుంచి అక్కడ ఒకే ఫొటోకు ఏ భాషలో కావాలంటే ఆ భాషలో చిన్న వ్యాఖ్య రాయవచ్చు. ఫొటోలో ఉన్నది ఫలానా అని ఒకసారి గుర్తిస్తే, ఆ ఫలానాకు ఉన్న తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు, అరబ్బీ పేరు అన్నీ ఒక్కచోటే ముడిపడతాయి.

మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. ముందు ట్యాగుల పట్టీ అంతా ఒక కాగితం మీదికి ఎక్కించి, ఒకే అర్థం ఉన్నవాటిని జతచేశాం. ఖాయం చేసిన పేరు తెలుగులో ఉంచి, మిగతా రూపాలను తీసేయకుండా దానికి మారుపేర్లుగా కలిపాం. ఎందుకంటే వెతికేవారు ఎలా రాస్తారో మన చేతిలో లేదు. తరువాత ట్యాగులు లేని ఫొటోలను వడగట్టి, ఒకే రోజు తీసినవాటిని గుత్తగా ఎంచుకుని సందర్భం, సంవత్సరం, స్థలం ఒక్కసారే చేర్చాం. ఒక్కొక్క ఫొటోకు విడిగా రాయవలసింది అందులో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు అన్నదే.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. మా నాన్నగారు స్టూడియో నుంచి ఫొటో తేగానే వెనక పెన్సిలుతో తేదీ, ఊరు, నిలబడినవాళ్ళ పేర్లు ఎడమ నుంచి కుడికి రాసేవారు. రాయనివాటి సంగతి ఊళ్ళో ఏ పెద్దమ్మనో అడిగితే తెలిసేది. ఇక్కడ అడగడానికి ఎవరుంటారు? గల్ఫులో మన బతుకు వీసా ఉన్నంతకాలం. ఒక కుటుంబం హైదరాబాదు వెళ్ళిపోతుంది, ఒకటి కెనడా వెళుతుంది. వాళ్ళతోపాటు ఆ ఫొటోల కథలూ విమానం ఎక్కేస్తాయి. మొదటి ఏళ్ళలో అక్షరాలు దిద్దించిన ఒక టీచరుగారి ఫొటో దొరికింది. ఆవిడ పేరు చెప్పగలిగినవారు ఈ ద్వీపంలో ఇప్పుడు ఒక్కరే ఉన్నారు. వారూ వచ్చే వేసవికి ఉద్యోగ విరమణ చేసి స్వదేశం వెళుతున్నారు. ఆ పేరు ఈ వారమే రాసిపెట్టుకున్నాం.

పిల్లల పేర్ల విషయంలో ఒక జాగ్రత్త తీసుకున్నాం. వెబ్‌సైటులో అందరికీ కనిపించేచోట సందర్భం, సంవత్సరం మాత్రమే ఉంటాయి. పేర్లు బడి దగ్గరున్న ప్రతిలోనే ఉంటాయి.

ఈ పనిలో పెద్ద తరగతి పిల్లలను కూర్చోబెట్టాక అది పాఠంగా కూడా మారింది. "ప్లేట్" అని రాసిన అమ్మాయిని పక్కనున్న పిల్లవాడు "కాదు, హారతి పళ్ళెం" అని దిద్దాడు. ముహర్రక్‌లో ముత్యాల వర్తకులు కట్టుకున్న ఇళ్ళు 2012లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కాయి కదా, అక్కడికి వెళ్ళిన విహారయాత్ర ఫొటోలకు "ముత్యాలు" అని పెట్టారు. ఆ మాటతో వెతికితే వాటి పక్కనే మన సీతారామ కల్యాణం నాటి ముత్యాల తలంబ్రాల ఫొటో కూడా వచ్చింది. "ఆ ముత్యాలూ ఈ సముద్రంవేనా?" అని ఒక పాప అడిగింది. హైదరాబాదు బజారులో పేరుపడ్డ బస్రా ముత్యాలు ఈ గల్ఫు నీళ్ళలోవేనని చెబితే ఆశ్చర్యపోయింది. ఒక్క ట్యాగు ఇంత పాఠం చెప్పింది.

తల్లిదండ్రులకు చిన్న మనవి. మీ దగ్గరున్న బడి ఫొటోలు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా కాక డాక్యుమెంటుగా పంపండి. లేకపోతే తీసిన తేదీ వంటి వివరాలు దారిలోనే రాలిపోతాయి. తోడుగా నాలుగు మాటలు రాయండి: ఎప్పుడు, ఎక్కడ, ఏ సందర్భం, ఎవరెవరు. అక్షరదోషాలుంటే మేము సరిచూసుకుంటాం. పేర్లు మాత్రం మీరే చెప్పాలి. ఊరు వెళ్ళే ప్రయాణం పెట్టుకున్నవారు దయచేసి ముందు పంపండి.